కారు బానెట్ ఎత్తి ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఆయిల్ ఇంటికాడే చూసుకునేదెట్లా

మా కడపలో మే నెల మధ్యాహ్నం బయట నిలబెట్టిన కారు బానెట్ మీద చెయ్యి ఆనించలేం. నలభై డిగ్రీలు దాటిన ఎండ, దాంట్లో ఏసీ ఫుల్లుగా పెట్టుకుని ఇంటిల్లిపాదీ ఎక్కి రాయచోటి పోవాలన్నా ప్రొద్దుటూరు పోవాలన్నా లోపల ఆయిలు, ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంటు సరిగ్గా ఉంటేనే బండి తట్టుకుంటాది. కానీ చానామంది సర్వీసుకు ఇచ్చినప్పుడు తప్ప బానెట్ ఎత్తరు. సర్వీసు అంటే ఏడాదికో, పది వేల కిలోమీటర్లకో, ఆలోపల ఏదో ఒక పైపు క్లిప్పు లూజై చుక్క చుక్క కారిపోతా ఉంటే మనకు తెలిసేదెట్లా? వారానికోసారి పది నిమిషాలు పెడితే తెలుస్తాది. మెకానిక్ పని ఏమీ రానక్కర్లేదు, నిన్నగాక మొన్న లైసెన్స్ తెచ్చుకున్న పిల్లోళ్ళు కూడా చూడొచ్చు.

ఒక మాట మాత్రం మొదట్లోనే. లెవెల్ చూడ్డం అంటే తగ్గిందాన్ని పోసేసి మూత పెట్టడం కాదు, అది యాడికి పోయిందో కనుక్కోడం. నేను ఈ తప్పే చేసినా. మా నాయన వాడిన పాత డీజిల్ కారు నా చేతికొచ్చినాక నెలకోసారి కూలెంట్ డబ్బా తగ్గేది, నేను కొళాయి కింద చెంబు పట్టి బోరు నీళ్ళు పోసి మూత పెట్టేవాణ్ణి, నాలుగైదు నెల్లు అట్లనే నడిచింది. ఆ ఎండాకాలం అమ్మను ముందర సీట్లో కూర్చోబెట్టుకుని రాయచోటి పోతా గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతా ఉంటే టెంపరేచర్ ముల్లు ఎర్ర గీతకాడికి పోయింది, పక్కకు ఆపేసరికి బానెట్ సందుల్లోంచి ఆవిరి. నేను గుడ్డ పట్టుకుని రేడియేటర్ మూత మీద చెయ్యి పెట్టబోతే వెనకాల ఆగిన లారీ అన్న ఒకాయన గట్టిగా అరిచినాడు, "ముట్టుకోవద్దు సామీ, మొగం కాలిపోతాది" అని. ఆ మాటకు ఇప్పటికీ దండం పెడతా. గంటన్నర చెట్టు కింద కూర్చున్నాం. మర్సటి రోజు రేడియేటర్ విప్పితే లోపల సన్న గొట్టాల నిండా తెల్ల పెచ్చు, నీళ్ళు కాగబెట్టే హీటర్ రాడ్డుకు పడతాది చూడండి అచ్చం అట్లాంటిది. అసలు కారిందేమో వాటర్ పంపుకాడ. మొదటి నెలే చూసుంటే చిన్న ఖర్చుతో పోయేది.

ఎప్పుడు చూడాలి, యాడ నిలబెట్టాలి

ఆదివారం పొద్దున్నే, బండి ఇంకా స్టార్ట్ చెయ్యకముందు చూడండి. రాత్రంతా నిలబడింటాది కాబట్టి ఆయిలంతా కిందికి దిగి కూర్చునుంటాది, కూలెంట్ చల్లారుంటాది, చెయ్యి కాలే భయం లేదు. ఎప్పుడూ ఒకే టైంలో ఒకేచోట చూస్తే పోయిన వారానికీ ఈ వారానికీ తేడా కూడా సరిగ్గా తెలుస్తాది.

నేల సమంగా ఉండాలి. మన ఇండ్ల ముందర ఎక్కువగా కడప బండలు పరిచుంటారు, అవి సమంగానే కనిపిస్తాయి కానీ వాన నీళ్ళు రోడ్డు పక్కకు పోవాలని మేస్త్రీ రోంత వాలు పెట్టుంటాడు. ఒక చెంబు నీళ్ళు పోసి చూడండి, గబగబా ఒకపక్కకు పారితే ఆడ లెవెల్ చూసి లాభం లేదు, వీధిలో సమంగా ఉండేచోట పెట్టుకోండి. ఇంకొకటి ఏందంటే నల్ల బండ మీద ఆయిల్ చుక్క పడినా కంటికి కనపడదు. అందుకే శనివారం రాత్రి ఇంజిన్ కిందికి పాత అట్టపెట్టె ఒకటి విప్పి పరిచి పడుకోండి. పొద్దున్నే దాని మీద మరక పడిందంటే సగం పని అయిపోయినట్టే, ఆ మరక సంగతి చివర్లో చెప్తా.

హ్యాండ్ బ్రేక్ లాగి, తాళం చెవి తీసేసి జేబులో పెట్టుకోండి. ఇంజిన్ వేడిగా ఉంటే రేడియేటర్ ఫ్యాను ఆఫ్ చేసినాక కూడా దానంతటదే తిరగొచ్చు, చున్నీ గానీ లుంగీ అంచు గానీ మెడలో వేలాడే చైను గానీ దగ్గరికి పోనీయొద్దు. బానెట్ ఎత్తినాక దాన్ని నిలబెట్టే కమ్మీ గుంతలో సరిగ్గా కూర్చుందో లేదో ఒకసారి ఊపి చూసుకోండి. కావాల్సినవి పెద్దగా ఏం లేవు, పీచు రాలని పాత కాటన్ బనియన్ గుడ్డ, సెల్లు టార్చి, ఒక గరాటు. కారుతో వచ్చిన మాన్యువల్ డాష్‌బోర్డు అరలోంచి బయటికి తీసి పక్కన పెట్టుకోండి, ఏ ఆయిల్ ఏ కూలెంట్ అనేది ఆ పుస్తకం చెప్పిందే మాట, నేను చెప్పినా మెకానిక్ చెప్పినా దాని తర్వాతే.

ఇంజిన్ ఆయిల్

ఇంజిన్ పక్కన పసుప్పచ్చదో నారింజ రంగుదో ఒక రింగు కనిపిస్తాది, అదే డిప్‌స్టిక్. దాన్ని పూర్తిగా బయటికి లాగండి. మొదటిసారి లాగినప్పుడు కనిపించే లెవెల్ నమ్మొద్దు, బండి నడిచినప్పుడు ఎగిరిన ఆయిల్ గొట్టానికి, పుల్లకు అంటుకుని ఉంటాది. గుడ్డతో శుభ్రంగా తుడిచి, మళ్ళీ లోపలికి చివరి దాకా దించి, ఒక్క క్షణం ఆగి తీసి, పుల్లను అడ్డంగా పట్టుకుని చూడండి. కింద రెండు గుర్తులుంటాయి, గీతలో, చిన్న రంధ్రాలో, మధ్యలో అడ్డగీతలు కొట్టిన పట్టీనో. ఆ రెండింటి నడుమ ఆయిల్ తడి ఉంటే సరిపోయింది, పై గుర్తుకు దగ్గరగా ఉంటే ఇంకా మంచిది. రెండు పక్కలా తిప్పి చూడండి, ఒక పక్క ఎక్కువ ఒక పక్క తక్కువ కనిపిస్తే తక్కువదాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

కొన్ని బండ్లకు ఇంజిన్ వేడెక్కినాక ఆపి చూడమని మాన్యువల్‌లో ఉంటాది, అప్పుడు ఆపినాక ఐదు పది నిమిషాలు ఆగి చూడాలి.

కింది గుర్తు దగ్గరికి వచ్చిందంటే పొయ్యాలి. చానా కార్లలో కింది గుర్తు నుంచి పై గుర్తుకు సుమారు ఒక లీటర్ పడతాది, చిన్న ఇంజిన్లకు ఇంకా తక్కువ. కాబట్టి డబ్బా మొత్తం ఒంపెయ్యొద్దు. ఇంజిన్ మీద ఆయిల్ క్యాన్ బొమ్మ ఉండే మూత తీసి, గరాటు పెట్టి పావు లీటర్ పోసి, ఐదు నిమిషాలు ఆగి మళ్ళీ పుల్ల తీసి చూసి, తక్కువైతే ఇంకో రోంత. పై గుర్తు దాటితే తప్పేముందిలే అనుకోవద్దు, ఎక్కువైన ఆయిల్‌ను లోపల తిరిగే క్రాంక్ కొట్టి నురగ చేస్తాది, నురగొచ్చిన ఆయిల్‌కు పట్టు ఉండదు, సీళ్ళు కూడా తన్నుకొచ్చి కారతాయి. ఒకసారి సర్వీసు నుంచి తెచ్చిన మర్సటి రోజే చూస్తే మాకు పై గుర్తుకన్నా వేలెడు పైనుంది, మళ్ళీ తీసుకుపోయి కిందినుంచి తీయించినా. సర్వీసు నుంచి వచ్చిన మర్సటి రోజు చూడ్డం అలవాటు చేసుకోండి.

రంగు గురించి చానామంది భయపడతారు. డీజిల్ బండిలో కొత్త ఆయిల్ పోసిన కొన్నాళ్ళకే నల్లగా అయిపోతాది, అది మామూలే, మసిని పట్టుకోడం ఆయిల్ పని. భయపడాల్సింది పాలు ఎక్కువైన టీ రంగులో కనిపిస్తే. అంటే లోపల కూలెంట్ ఆయిల్‌తో కలుస్తాందని, ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ నడుమ ఉండే సీలు, అంటే హెడ్ గ్యాస్కెట్, పోయుండొచ్చు, ఆ బండిని స్టార్ట్ కూడా చెయ్యకుండా మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి. ఇంకోటి, కొత్త డీజిల్ బండ్లలో పొయ్యకుండానే లెవెల్ పెరగతా పోతే, డీజిల్ వాసన కూడా వస్తాంటే, డీజిల్ ఆయిల్‌లో కలుస్తాందని. ఎప్పుడూ ఊర్లోనే చిన్న చిన్న దూరాలు తిరిగే బండ్లకు, పొగగొట్టంలో ఉండే ఫిల్టర్ తనలో పట్టిన మసిని కాల్చుకునేటప్పుడు మధ్యలో మధ్యలో ఆపేస్తా ఉంటే ఇట్లా అయితాది. పెరగడం కూడా తగ్గినంత చెడ్డదే.

డాష్‌బోర్డు మీద ఎర్ర ఆయిల్ లైటు ఉంది కదా, అదే చెప్తాదిలే అని ఊరుకోవద్దు. ఆ లైటు ఆయిల్ ఎంతుందో చెప్పేది కాదు, ప్రెషర్ పడిపోయినప్పుడు వెలిగేది. నడుస్తా ఉండగా అది వెలిగిందంటే ఇంటికి పోయి చూద్దాం అనకుండా అప్పటికప్పుడు పక్కకు ఆపి ఇంజిన్ ఆపెయ్యాలి.

కూలెంట్

మన ప్రాంతంలో అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది ఇదే. ఇంజిన్ పక్కన తెల్లగా, లోపలిది కనిపించే ప్లాస్టిక్ డబ్బా ఉంటాది, లోపల పచ్చదో ఎర్రదో నీలందో నీళ్ళు. డబ్బా పక్కన కింద ఒక గీత, పైన ఒక గీత. చల్లగా ఉన్నప్పుడు ఈ రెండింటి మధ్య ఉండాలి. మూత తియ్యకుండానే బయటినుంచి కనిపిస్తాది, మరక పట్టి కనపడకపోతే డబ్బా వెనకాల టార్చి పెడితే లోపల ఎంతుందో స్పష్టంగా తెలుస్తాది. వేడి మీద చూస్తే కూలెంట్ ఉబ్బి లెవెల్ ఎక్కువ కనిపిస్తాది కాబట్టి ఆ లెక్క తప్పు.

వేడి ఇంజిన్‌కు రేడియేటర్ మూత గానీ కూలెంట్ డబ్బా మూత గానీ ఎట్టి పరిస్థితుల్లో తియ్యొద్దు. లోపల కూలెంట్ ప్రెషర్ మీద ఉంటాది, ప్రెషర్ వల్ల వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాది, మూత తీసిన క్షణంలో ప్రెషర్ పోయి అంతా ఒక్కసారిగా ఆవిరై మొగం మీదికి ఎగజిమ్ముతాది. కుక్కర్ విజిల్ తియ్యకుండా మూత లాగితే ఏమైతాదో అదే. బానెట్ మీద చెయ్యి పెడితే వెచ్చదనం అసలు తెలియనంత చల్లారినాకే, అప్పుడు కూడా గుడ్డ కప్పి నెమ్మదిగా తిప్పాలి. అట్లనే కాలిపోతా ఉన్న ఇంజిన్‌లో చల్లనీళ్ళు గబుక్కున పోస్తే లోహం పగలొచ్చు.

ఇంక నీళ్ళ సంగతి. మన బోరు నీళ్ళలో ఉప్పులెక్కువ. బిందె అడుగున, బకెట్ అంచున తెల్లగా పేరుకునేది రోజూ చూస్తానే ఉంటాం, అదే రేడియేటర్ లోపల సన్న గొట్టాల్లో పేరుకుంటాది, వేడి బయటికి పోదు, పైగా తుప్పు. కాబట్టి బోరు నీళ్ళు, మున్సిపాలిటీ నీళ్ళు వద్దు. ఇరవై లీటర్ల క్యాన్ నీళ్ళు వీటికన్నా నయం గానీ దాంట్లో కూడా ఉప్పులు పూర్తిగా పోవు. ఏసీ పైపులోంచి కారే నీళ్ళు పట్టి పోస్తారు కొందరు, దాంట్లో దుమ్ము, ఏసీ లోపలి లోహం కలిసుంటాది, నేనైతే పొయ్యను. కావాల్సింది డిస్టిల్డ్ వాటర్ లేదా మినరల్స్ తీసేసిన డీమినరలైజ్డ్ వాటర్, బ్యాటరీ అంగట్లో దొరుకుతాది, పెద్ద ఖరీదేం కాదు.

కూలెంట్ రెండు రకాలుగా అమ్ముతారు. ఒకటి నేరుగా పోసుకునే రెడీ మిక్స్, ఇంకోటి చిక్కటిది, దాన్ని సాధారణంగా సగానికి సగం డిస్టిల్డ్ వాటర్ కలిపి పొయ్యాలి. డబ్బా మీద ఏది రాసుందో చదవకుండా ఒంపెయ్యొద్దు. మనకు మంచు పడదు కదా కూలెంట్ ఎందుకు నీళ్ళు చాలు అనేవాళ్ళు చానామంది ఉన్నారు, కానీ కూలెంట్ గడ్డకట్టకుండా ఉండేదానికి మాత్రమే కాదు, మరిగే డిగ్రీని పైకి జరుపుతాది, లోపల తుప్పు పట్టనీయదు. మన ఎండలకు ఆ రెండూ కావాలి. రంగు చూసి కలపడం కూడా తప్పు, ఒక కంపెనీ పచ్చది ఇంకో కంపెనీ పచ్చదీ ఒకటే కావాలని లేదు, మాన్యువల్‌లో చెప్పిన రకమే తెచ్చుకోండి. దారి మధ్యలో బండి ఆగిపోయి వేరే దిక్కు లేకపోతే, చల్లారినాక క్యాన్ నీళ్ళు పోసుకుని ఇల్లు చేరండి, తర్వాత మొత్తం మార్పించండి.

కూలెంట్ తియ్యగా ఉంటాది, అది విషం. కింద పడితే కుక్కలు, పిల్లులు నాకుతాయి, ప్రాణం పోతాది. పడినచోట నీళ్ళు కొట్టి కడిగెయ్యండి, డబ్బాను చిన్నపిల్లలకు అందనంత పైన పెట్టండి.

బ్రేక్ ఆయిల్

డ్రైవర్ పక్క, అద్దం కిందికి దగ్గరగా చిన్న డబ్బా. దీనికీ రెండు గీతలే. మూత తియ్యకుండా బయటినుంచే చూడండి, ఎందుకంటే బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటాది, మూత ఎన్నిసార్లు తెరిస్తే అంత తేమ లోపలికి పోతాది. బ్రేక్ ఆయిల్ రకాన్ని డబ్బా మీద డాట్ (DOT) నంబరుతో రాస్తారు, కొత్త డాట్ 3 రకం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టినాక ఆ హద్దు 140 దాకా పడిపోవచ్చు. డాట్ 4 అయితే 230 నుంచి 155 దాకా. ఇది వింటే పుస్తకంలో లెక్క మాదిరి ఉంటాది కానీ రాయచోటి నుంచి కడపకు గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు పై గేరులోనే ఉండి బ్రేకు మీదే కాలు పెట్టుకుని వస్తే బ్రేకులు ఎంత కాలతాయో తలుచుకోండి. లోపల పాత ఆయిల్ ఉంటే అది మరిగి ఆవిరి బుడగలొస్తాయి, పెడల్ మెత్తగా నేలదాకా పోతాది, బండి ఆగదు. అందుకే సాధారణంగా రెండేండ్లకోసారి మార్చమంటారు, ఘాట్‌లో చిన్న గేరులో దిగమంటారు. కొత్తది లేత తేనె రంగులో ఉంటాది, నల్ల డికాషన్ రంగుకొస్తే మార్చే టైం అయినట్టు.

బ్రేక్ ఆయిల్ తగ్గిందంటే రెండే కారణాలు. ఒకటి, బ్రేక్ ప్యాడ్లు అరిగేకొద్దీ లెవెల్ నెమ్మదిగా దిగుతాది, ఇది మామూలు. అప్పుడు పోసేస్తే తర్వాత కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు పొంగి బయటికొస్తాది, పెయింట్ మీద పడితే పెయింట్ లేచిపోతాది. కాబట్టి పొయ్యకముందు ప్యాడ్లు చూపించండి. రెండోది కారడం. వారంలోనే గీతంత దిగిందంటే, చక్రం లోపల పక్క తడిగా ఉందంటే ఆ బండి నడపొద్దు, నాలుగడుగులు కూడా వద్దు. పొయ్యాల్సి వస్తే మూత చుట్టూ దుమ్ము తుడిచి, మాన్యువల్‌లో ఉన్న డాట్ నంబరుదే, సీలు తియ్యని కొత్త డబ్బా వాడండి, ఇంట్లో ఎప్పుడో సగం వాడి పెట్టింది వద్దు. ఇంజిన్ ఆయిల్ గానీ స్టీరింగ్ ఆయిల్ గానీ పొరపాటున దీంట్లో పడితే రబ్బరు సీళ్ళన్నీ ఉబ్బి పాడైతాయి. కొన్ని కార్లలో క్లచ్‌కు కూడా ఇదే డబ్బాలోంచి పోతాది.

స్టీరింగ్, గేరు ఆయిల్

ఇప్పుడొచ్చే చిన్న కార్లలో ఎక్కువ వాటికి కరెంటు స్టీరింగే, దానికి ఆయిల్ ఉండదు, బానెట్ కింద వెతకొద్దు. బొలెరో, పాత ఇన్నోవా లాంటివాటికి ఉంటాది, డబ్బా మీద స్టీరింగ్ బొమ్మ చూసి లెవెల్ చూడండి, తిప్పేటప్పుడు గుయ్‌మని శబ్దం వస్తే తగ్గుండొచ్చు. గేరు ఆయిల్ చూసే బోల్టు కిందుంటాది, దానికోసం జాకీ పెట్టి బండి కిందికి దూరొద్దు, సర్వీసులో ర్యాంపు ఎక్కించినప్పుడు అడిగి చూపించుకోండి.

బ్యాటరీ నీళ్ళు, అద్దం నీళ్ళు

మూతలు లేని మెయింటెనెన్స్ ఫ్రీ బ్యాటరీ అయితే మీకు పనే లేదు. ఆరు మూతలు ఉండేదైతే మన ఎండకు నీళ్ళు తొందరగా ఆవిరైతాయి, పక్కన గీతలు చూసి డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పొయ్యండి, యాసిడ్ ఎప్పుడూ వద్దు. బ్యాటరీలోంచి మండే గ్యాసు వస్తాది, బీడీ, సిగరెట్, అగ్గిపుల్ల దగ్గరికి రానీయొద్దు, లోపల కనపడకపోతే టార్చి వేసుకోండి గానీ లైటర్ వెలిగించొద్దు.

వైపర్ నీళ్ళ డబ్బా మూత మీద అద్దం, నీళ్ళ బొమ్మ ఉంటాది, దాన్నీ కూలెంట్ డబ్బానీ కలగలిపేసేవాళ్ళు ఉన్నారు కాబట్టి బొమ్మ చూసి పొయ్యండి. బోరు నీళ్ళు పోస్తే చిన్న రంధ్రాలు ఉప్పుతో మూసుకుపోతాయి, క్యాన్ నీళ్ళు మేలు. బట్టల సర్ఫ్ కలపొద్దు.

బీఎస్ 6 (పొగ కాలుష్యం తగ్గించే నిబంధన) డీజిల్ బండ్లు కొన్నిటికి, అంటే 2020 ఏప్రిల్ తర్వాత వచ్చినవాటిల్లో కొన్ని, నీలం మూతతో యూరియా ద్రావణం పోసే ట్యాంకు వేరే ఉంటాది. అది డీజిల్ ట్యాంకులో పడకూడదు, డీజిల్ దాంట్లో పడకూడదు. పొరపాటు జరిగితే తాళం కూడా తిప్పొద్దు, మెకానిక్‌ను పిలవండి. ఖాళీ అయితే చానా బండ్లు మళ్ళీ స్టార్ట్ కావు, డాష్‌బోర్డు మీద ఇన్ని కిలోమీటర్లు అని చూపించడం మొదలైనప్పుడే పోయించుకోండి. డబ్బా కొని ఎండలో పెట్టొద్దు.

అట్ట మీద మరక ఏం చెప్తాది

ఇప్పుడు కింద పరిచిన అట్ట లాగి చూడండి. ముందర ఎడమ పక్క సీటు దరిదాపుల్లో ఏ రంగూ వాసనా లేని నీళ్ళయితే అది సాధారణంగా ఏసీ నీళ్ళు, భయం లేదు. గోధుమ రంగులోనో నల్లగానో జిడ్డుగా ఉంటే ఇంజిన్ ఆయిల్. రంగుతో, రోంత జిగటగా, తియ్యని వాసనతో ఉంటే కూలెంట్. చక్రం దగ్గర లేత పసుపులో నూనె మాదిరి ఉంటే బ్రేక్ ఆయిల్, బండి కదిలించొద్దు.

కూలెంట్ డబ్బా, బ్రేక్ డబ్బా రెండూ ప్రతి ఆదివారం సెల్లులో ఫోటో తీసి పెట్టుకోండి. నేను ఇట్లనే చేస్తున్నా, ఒక్కోవారం చూస్తే తేడా తెలియదు గానీ నాలుగు వారాల ఫోటోలు పక్కపక్కన పెడితే గీత ఎంత దిగిందో ఇట్టే కనిపిస్తాది. రెండు వారాలు వరసగా దిగిందంటే ఫోటోలతో సహా మెకానిక్ దగ్గరికి పోండి, "ఒకసారి పోసి పంపన్నా" అని అడగొద్దు, "ఇన్ని రోజుల్లో ఇంత తగ్గింది, యాడ కారతాందో చూడన్నా" అనండి. కూలెంట్ అయితే రేడియేటర్‌కు ప్రెషర్ పంపు తగిలించి చూసే పద్ధతుంది, చల్లగా ఉన్నప్పుడే గాలి ఎక్కించి ముల్లు పడిపోతాందా అని చూస్తారు, బయట తడి కనపడకుండానే ముల్లు పడితే కారేది ఇంజిన్ లోపలికేనేమో అని అనుమానించాలి. అది చేయించి, మీరు పక్కన నిలబడి ముల్లు చూసుకుని రండి.